అరచేతులు చూపించి

రొయ్య వీపు చీల్చి నల్లనరం లాగే పని సింధూరికి ఏ ఆదివారమూ తప్పదు. లాగితే వచ్చేదంతా మురికి. వేళ్ళకి అంటుకుంటుంది, గోళ్ళలో దూరుతుంది, నిమ్మచెక్కతో ఎంత రుద్దినా సాయంత్రం దాకా ఆ కంపు వదలదు. రామకోటేశ్వరరావుగారు తన చెరువులోవే ఐసుపెట్టెలో పెట్టించి పొద్దున్నే పంపిస్తారు, అయిదు కేజీలు, తలకాయలతో సహా. మధ్యాహ్నం వచ్చి తినేదీ ఆయనే. వలిచే చేతుల్ని మాత్రం ఎప్పుడూ పంపలేదు.

"మా కోడలు ఎన్నైనా వలిచేస్తుందండీ, విసుగన్న మాటే లేదు," అని అత్తగారు పద్మావతమ్మ హాల్లో ఎవరితోనో ఫోన్లో చెబుతోంది. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా సింధూరికి రోత పుడుతుంది. తిట్టినా ఇంత అసహ్యం వేయదు.

పామర్రులో పుట్టి, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, గోవాలో నది మీద నిలిపి ఉంచిన ఓడలోని కాసినోలో నాలుగేళ్ళు బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర ముక్కలు పంచిన మనిషి ఆమె. పెళ్ళిచూపుల్లో మాత్రం "హోటల్లో చేసింది" అనిపించారు. పెళ్ళయ్యాక మూడేళ్ళ పాటు కాసినో మాటెత్తితే చాలు, భర్త పవన్‌కుమార్ "ష్" అనేవాడు. అలాంటిది, రామకోటేశ్వరరావుగారు గోవా వెళ్ళొచ్చి "రమ్మీ బోరు కొట్టేసిందయ్యా, ఆడితే బ్లాక్‌జాకే ఆడాలి" అన్న రోజున అదే మొగుడు ఛాతీ విరుచుకుని "మా ఆవిడ ప్రొఫెషనల్ డీలరండీ!" అన్నాడు. మూడేళ్ళ సిగ్గు ఒక్క పూటలో ఎగిరిపోయింది. పవన్ కన్నేసిన పామర్రు వైపు రొయ్యల మేత ఏజెన్సీ ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే మరి. వారం తిరక్కుండా ఆకుపచ్చ గుడ్డా, పెట్టెడు పందెం చిప్సూ కొరియర్లో దిగాయి. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం పటమటలోని వాళ్ళ ఇంట్లో డైనింగ్ టేబులే కాసినో.

ఆమె ఫోన్లో నాలుగు రోజులుగా ఒక మెసేజ్ ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. "సోమవారం ఉదయం ఆరు గంటల షిఫ్టులో చేరండి. వచ్చేదీ రానిదీ ఆదివారం సాయంత్రం లోపు చెప్పండి." ఇంట్లో చూపించింది. "షిఫ్టు డ్యూటీలేంటి సింధూ, మనవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు పవన్. "మనమేమన్నా తిండికి లేనోళ్ళమా అమ్మాయ్?" అంది అత్తగారు. పరాయి మగాళ్ళకి పేకముక్కలు పంచితే ఏమీ అనుకోని మనవాళ్ళు, బల్ల వెనక నిలబడి గది తాళం ఇస్తే మాత్రం ఏదో అనేసుకుంటారట!

గోవాలో షిఫ్టంటే షిఫ్టే. గంట సేపు నిలబడితే వంతు మారడానికి వెనకనుంచి ఒకరొచ్చి భుజం మీద తడతారు. తట్టగానే డీలరు పేక కింద పెట్టి, చేతులు రెండూ ఒకసారి చప్పుడయ్యేలా కొట్టి, అరచేతులు ఇటూ అటూ తిప్పి చూపించి దిగిపోవాలి. ఏమీ పట్టుకుపోవడం లేదని గుర్తు. వాళ్ళ యూనిఫారానికి జేబులు కూడా ఉండవు. అప్పట్లో ఆ చప్పట్లంటే ఆమెకి చిరాకుగా ఉండేది, దొంగని సోదా చేసినట్టు. ఇప్పుడనిపిస్తుంది, కనీసం అక్కడ గంటకొకసారి భుజం తట్టేవాళ్ళు. ఈ ఇంట్లో మూడేళ్ళుగా పొయ్యి దగ్గర ఒక్కరూ తట్టలేదు.

ఆటగాళ్ళ సంగతి మరీ రోత. డీలరు పిల్లని నోటికొచ్చినట్టు అనేవాళ్ళు, సూపర్‌వైజర్ కోటు కనపడితే చాలు, "సార్, సార్" అంటూ వెన్నలా కరిగిపోయేవాళ్ళు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆయన చూస్తున్నంతసేపూ పెద్ద పందెం కాసి, అటు తిరగ్గానే చిన్నదానికి దిగేవాళ్ళు. ఎందుకంటే ఎవరు ఎంత కాస్తున్నారో రాసుకునేది ఆయనే, దాన్నిబట్టే కాసినోవాళ్ళు ఊరికే భోజనం పెడతారు, గది ఇస్తారు. దానికి కాంప్ అని పేరు. ఊరికే వచ్చిందని ప్లేటు నింపుకునే ఏ పెద్దమనిషికీ తట్టదు గానీ, కాంప్ ఇచ్చేది ప్రేమతో కాదు. ఓడిపోతున్నవాడు కుర్చీలోంచి లేవకూడదని ఇస్తారు.

పవన్ కూడా ఆ బాపతే. చుట్టాలుంటే ఒక ప్లేటు పట్టుకుని వంటింట్లోకొస్తాడు. "చూశావా, పెళ్ళానికి ఎంత సాయమో!" అంటారు వాళ్ళు. చుట్టాలు గడప దాటగానే తన గ్లాసు తను తీయడు, పైన పటారం లోన లొటారం. నిన్న మంగళగిరి పట్టుచీర పట్టుకొచ్చాడు. "ఉద్యోగం ఊసు తర్వాత చూద్దాంలే. ముందు ఇది కట్టుకుని రేపు టేబుల్ దగ్గర నిలబడు, కళ ఉంటుంది," అన్నాడు. జరీ అంచు వేళ్ళతో తడుముతున్నప్పుడు ముచ్చటేసిన మాట నిజం. తనమీద తనకే రోత పుట్టింది కూడా అందుకే. చీరకీ జేబుండదు కదా అనుకుంది.

మూడింటికి ఆట మంచి పట్టులో ఉంది. రామకోటేశ్వరరావుగారూ, ఆయన స్నేహితులిద్దరూ, పవన్. మధ్యలో ప్లేట్ల నిండా నమిలి ఊసిన రొయ్య తోకలు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముక్కలు కలిపితే ఇరవై ఒకటి దాటకూడదు, అంతే ఆట. పెద్దాయనకి వరసగా దాటిపోతోంది.

"ఇంకో ముక్కమ్మా," అన్నాడాయన.

ఆమె ముక్క తోసింది. ఈసారి సరిగ్గా ఇరవై ఒకటి. ఆయన ముక్క తీసుకోలేదు, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఈ చేతిలో ఏదో మహత్యం ఉందయ్యా పవన్!" అంటూ బొటనవేలితో మెల్లగా రుద్దాడు. వేలికున్న మసాలా జిడ్డు ఆమె చర్మం మీద పాకింది.

సింధూరి భర్త వైపు చూసింది. అతను చూశాడు. చూశాడని ఆమెకి తెలుసు, పెదాల మీద నవ్వు ఒక్క క్షణం ఆగింది కాబట్టి. గుమ్మంలో అత్తగారూ చూసింది, చూసి వంటింట్లోకి తిరిగిపోయింది.

"సింధూ," అన్నాడు పవన్, "సార్ ప్లేటు ఖాళీ అయింది చూడు. వేడివేడిగా ఇంకాసిని తెచ్చిపెట్టు."

గోవాలో ఒకడు ఇలాగే చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పిలిస్తే సూపర్‌వైజర్ వచ్చాడు. వాడు "సార్, ఊరికే సరదాకి" అని ఇకిలించాడు. సూపర్‌వైజర్ వాడికి డిన్నర్ కూపన్ ఇచ్చి, ఆమెని వేరే టేబులుకి మార్చాడు. ఆ రాత్రి ఆమె ఏడిచింది. పరాయి ఊరు, పరాయి మనుషులు, ఇంతకంటే ఏం ఆశిస్తాం అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఊరు మనదే, మనిషీ మనవాడే. ఇచ్చింది మాత్రం అదే కూపను.

చెయ్యి లాక్కుంది. జిడ్డు కొత్త చీర కొంగుకే తుడుచుకుంది, అంచు మీద పసుపు మరక పడేదాకా గట్టిగా తుడిచింది. పేక బోర్లించి టేబుల్ మధ్యలో పెట్టింది. చేతులు రెండూ చప్పుడయ్యేలా కొట్టి, అరచేతులు ఇటూ అటూ తిప్పి నలుగురికీ చూపించింది.

గోవా చూసొచ్చినవాడు కాబట్టి రామకోటేశ్వరరావుగారికి అర్థమైంది. ఆయన మొహం మాడింది. పవన్‌కి అర్థం కాలేదు.

"ఏంటిది? ఎక్కడికి?"

"డీలరు దిగిపోతోందయ్యా," అన్నాడు పెద్దాయన, ప్లేటులోకి చూస్తూ.

సింధూరి కిటికీ గట్టు మీంచి ఫోను తీసుకుని నిలబడే రెండు మాటలు టైపు చేసి పంపింది. ఒక్క అక్షరం తప్పు పడలేదు.

"రేపు పొద్దున ఆరింటికి నాకు డ్యూటీ ఉందండీ," అంది. "ఫ్రిజ్‌లో ఇంకో రెండు కేజీల రొయ్యలున్నాయి. వాటికి నరం తీయలేదు, మీరే తీసుకోండి."