శనివారం రిజిస్టరు

లీలారాణి మేడమ్ చేసిన మొదటి తప్పు, పిల్లలకి ఏం వచ్చో నిజంగానే కనుక్కోవడం. అదీ ఒక తప్పేనా అనకండి. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్ళు పనిచేసిన వాళ్ళని ఎవరినైనా అడగండి, చెప్తారు.

ఆ కాలేజీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హద్దు దగ్గర, హైవే పక్కన ఉంది. ఐదంతస్తుల బిల్డింగు, ముందు ఒక ఫౌంటెను. ఫౌంటెనులోకి నీళ్ళు వచ్చేది మాత్రం పెద్దమనుషులు వచ్చిన రోజునే. 2016 జూన్‌లో ఆ కాలేజీకి కొత్త జ్వరం పట్టుకుంది. ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందట, చూసి గుర్తింపు ఇస్తుందట. ఇదివరకటిలా గదులూ బల్లలూ లెక్కపెట్టి, జీడిపప్పు ఉప్మా తిని వెళ్ళిపోయే కమిటీ కాదిది. ఒక సబ్జెక్టు పూర్తయ్యాక పిల్లవాడికి ఏం చేతనవ్వాలో ముందే రాసుకోవాలి. దాన్ని అవుట్‌కమ్ అంటారు. చివర్న ఎంతమందికి చేతనయిందో కొలిచి మూడుకి ఇంత అని మార్కు వెయ్యాలి. దాన్ని అటైన్‌మెంట్ అంటారు.

మిగతా లెక్చరర్లు ఈ ఫైళ్ళ చాకిరీ తలుచుకుని నెత్తీనోరూ కొట్టుకున్నారు. లీలారాణి సంబరపడింది, పిచ్చి తల్లి. ఫైనలియర్ ఎలక్ట్రికల్ వాళ్ళకి మోటార్ల సబ్జెక్టు చెప్పడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. పరీక్షలో స్టార్టరు బొమ్మ కళ్ళకద్దుకునేలా గీసి డెబ్బై మార్కులు తెచ్చుకునే పిల్లలు, అదే స్టార్టరు ఎదురుగా పెడితే ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలీక బిక్కచచ్చిపోవడం చూసి చూసి ఆమెకి కడుపు రగిలిపోయి ఉంది. ఇన్నాళ్ళకి ఎవరో పైవాళ్ళు సరైన ప్రశ్న అడిగారనుకుంది. తన కాగితం మీద ఒకే ఒక్క మాట రాసుకుంది: ఎవరి సాయమూ లేకుండా త్రీఫేజ్ మోటారుకి స్టార్టరు కలిపి నడిపించాలి.

జులైలో ఒక్కొక్కరినీ ఒంటరిగా లాబ్‌లోకి పిలిచి చేయించింది. యాభై ఎనిమిది మందిలో పదకొండు మంది చేశారు.

"పదకొండేటి మేడమ్, నానైతే ఐదుగురే అనుకున్నాను. మన పిల్లలు మెరుగే," అన్నాడు లాబ్ అటెండరు ఎర్రన్న, కాలిపోయిన ఫ్యూజులు ఏరుతూ.

ఆ ఫ్యూజుల్లో రెండు ఉష కాల్చినవి. ఉషది ఎచ్చెర్ల అవతల సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి రాముడు వేటకి వెళ్తాడు, తల్లి మరిడమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. క్లాసులో ఆఖరి బల్ల. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే లేచి నిలబడి నేల చూసేది. ఆ రోజు ఫ్యూజు టప్పుమన్నాక ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "మేడమ్, శనివారం కాలేజీ సెలవు గదా, నాను వచ్చి నేర్సుకోవచ్చా?" అంది.

అలా మొదలైంది శనివారం క్లాసు. ఒక్క ఉషతో మొదలై ముప్ఫై ఒక్కమంది అయ్యారు. ఎవరూ రమ్మనలేదు, వచ్చినందుకు మార్కులూ లేవు. లీలారాణి పొడుగాటి పుస్తకం ఒకటి పెట్టి, ఎవరు వచ్చారు, ఆ పూట ఏం నేర్చుకున్నారు అని రాయించి సంతకాలు పెట్టించేది. ఇంటి దగ్గర భర్త బెన్హర్, "శనివారం కూడా ఏటి ఆ కాలేజీ? నీకేమైనా ఎక్కువిస్తన్నారా?" అని సణిగేవాడు. ఆయన మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన మాటలో తప్పేం లేదు. అయినా ఆమె వెళ్ళేది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి తను మేష్టరమ్మననిపించేది.

అక్టోబరు వచ్చేసరికి ఉష కళ్ళు మూసుకుని కలుపుతుందేమో అన్నట్టు తయారైంది. ఒకరోజు ఎవరిదో మోటారు తిరక్కుండా బిగుసుకుపోయి గుర్రుమంటుంటే, గది ఆ చివర నుంచే అరిచింది: "ఒక ఫేజు రాటం నేదు! మూలుగుతన్నాది వినబడ్డం నేదేటి? కట్టెయ్!" ఎర్రన్న నోరెళ్ళబెట్టాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో చెవితో పట్టడం ఆయనకొక్కడికే వచ్చనుకున్నాడు.

"విజయనగరం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ల ఫేట్రీ వోళ్ళు ఏటేటా వస్తారంట గదా మేడమ్," అని అడిగింది ఉష ఆ సాయంత్రం. "నాకు ఏసీ ఆఫీసులొద్దు. అందులోన టెస్టింగు సెక్షనుంటాదంట. అక్కడికెళ్తే సాలు."

"నీకు కాకపోతే ఇంకెవరికొస్తాదే!" అంది లీలారాణి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

అదే వారం మళ్ళీ అందరికీ పరీక్ష పెట్టింది. ముప్ఫై నాలుగు మంది చేశారు. పదకొండు నుంచి ముప్ఫై నాలుగు! ఆ రెండు అంకెలనీ కాగితం మీద పక్కపక్కన రాసి, బిడ్డ మొదటి అడుగు చూసినంత మురిసిపోయి, హెచ్‌ఓడీ కూర్మారావు గారి బల్ల మీద పెట్టింది.

కూర్మారావు గారు చెడ్డవాడు కాదు. ఎవరి మీదా కేకలెయ్యడు. కాగితం చదివి, కళ్ళజోడు తీసి, మెత్తగా అన్నాడు.

"ఏటమ్మా ఇది? మన పరువు మనమే తీసుకుంటామా? డెబ్బై శాతం దాటితేనే మూడు. మీది అరవై కూడా లేదు, ఒకటి వస్తాది. డిపార్ట్‌మెంటులో అందరూ రెండున్నర దాటేశారు."

"వాళ్ళెవరూ కొలవలేదు సార్."

"అందుకే దాటారు," అన్నాడాయన, నవ్వకుండా. "పరీక్ష మార్కులు తీసుకోండి, మూడు వస్తాది. ఆ ప్రాక్టికల్ టెస్టులు ఫైల్లో వద్దు. ఇంకో మాట. బాగా వెనకబడ్డ పిల్లలకి ఏం చేశారు అని కమిటీ అడుగుతాదట. స్లో లెర్నర్లు అని ఒక కాలమ్ ఉంది. దానికి చూపించడానికి కాలేజీ మొత్తంలో ఎవరి దగ్గరా చీమంత కాగితం లేదు. మీ దగ్గర మాత్రం బంగారం లాంటి రిజిస్టరుంది. తేదీలు, సంతకాలు అన్నీ ఉన్నాయి."

లీలారాణికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "వాళ్ళు వెనకబడ్డవాళ్ళు కాదు సార్. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. కమిటీకెందుకు? చూసి మూసేస్తారు, ఎవరికీ నష్టం లేదు." కాగితాలు సర్దుతూ, "జూన్‌లో మీ కాంట్రాక్టు రెన్యువల్ కూడా ఉంది గదా. మంచి రిపోర్టు రాద్దామనే నా తాపత్రయం," అన్నాడు.

లీలారాణి ఇంటికెళ్ళి రాత్రంతా ఆలోచించిందీ లేదు, ఏడ్చిందీ లేదు. స్టాఫ్‌రూములో కూర్చుని తెల్ల కాగితం కత్తిరించి, 'స్లో లెర్నర్లకు ప్రత్యేక తరగతులు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, రిజిస్టరు అట్ట మీద జిగురు పెట్టి తానే అంటించింది. అంత తేలిగ్గా అయిపోయింది.

నవంబరులో ఫౌంటెను తిరిగింది. కమిటీలో ఒక ముసలాయన ఆ రిజిస్టరు పేజీలు తిప్పి, "ఇన్ని శనివారాలు! వెనకబడ్డ పిల్లల మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు," అని లీలారాణికి చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆమె ముఖం కందగడ్డయింది. చూసినవాళ్ళు సిగ్గనుకున్నారు. జనవరిలో గుర్తింపు వచ్చింది. మిఠాయిలు పంచారు. శనివారం క్లాసు సాగుతూనే ఉంది, సంతకాల వేళ ఆమె రిజిస్టరు అట్ట కనబడకుండా తెరిచి పట్టుకునేది.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ వాళ్ళు వస్తామని కబురు పెట్టారు. ఇంటర్వ్యూకి పంపే పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద పడ్డాయి. ఉష పరిగెత్తుకుంటూ స్టాఫ్‌రూముకి వచ్చింది.

"మేడమ్, నా పేరు నేదు. నాదే కాదు, మన శనివారం వోళ్ళవి ఒక్కటీ నేవు. ఏటయ్యుంటాదంటారు?"

"ఏదో పొరపాటయి ఉంటుంది. కనుక్కుంటానుండు," అంది లీలారాణి. అంటూనే ప్లేస్‌మెంట్ ఆఫీసు వైపు నడిచింది.

పొరపాటేం లేదు. గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలో అన్నీ ఫైళ్ళ ప్రకారమే. ప్లేస్‌మెంట్ ఆఫీసు వాళ్ళు ఫైలు తెరిచి, స్లో లెర్నర్ల పేర్లు కొట్టేసి, మిగిలినవి టైపు చేశారు.

"ఉష ఒక్కదాన్నయినా కలపండి సార్. ఈ బ్యాచిలో దానికి వచ్చినంత ఎవరికీ రాదు," అని కూర్మారావు గారి ముందు చేతులు నలుపుకుంది లీలారాణి.

"కలపొచ్చమ్మా. ఆ రిజిస్టరు నిజం కాదని మీరు రాసిస్తే," అని ఆయన తెల్ల కాగితం ఒకటి జరిపాడు. పెన్ను కూడా ఇచ్చాడు. దెప్పుతున్నట్టు కాదు, మామూలుగానే.

ఆమె పెన్ను పట్టుకుంది. గడియారం కేసి చూసింది. జూన్ గుర్తొచ్చింది. బెన్హర్ జీతంతో ఇల్లు ఎలా గడుస్తుందో గుర్తొచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో ఇంకే కాలేజీ తీసుకుంటుందనీ అనిపించింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది.

ఇంటర్వ్యూ లాబ్‌లోనే జరిగింది. ఫ్యాక్టరీ ఇంజనీరు మాటల మనిషి కాదు, స్టార్టరు చూపించి కలపమన్నాడు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడే నాగబాబు వైర్లన్నీ చెమటలు కక్కుతూ బిగించి స్విచ్చి వేశాడు. మోటారు తిరగలేదు, గుర్రుమంది. వాడు తెల్లబోయి చూస్తున్నాడు.

"కట్టెయ్‌రా, కాలిపోతాది! ఒక ఫేజు వైరు ఊడిపోనాది, మూడోది సూడు!" అని కిటికీ లోంచి కేక వినబడింది. వరండాలో నిలబడి వాడు బిగించిన వైర్లే చూస్తున్న ఉష, తనకు తెలీకుండానే అరిచేసింది.

నాగబాబు చూశాడు. మూడోది నిజంగానే ఊడి ఉంది. బిగించి మళ్ళీ వేస్తే మోటారు హాయిగా తిరిగింది. ఇంజనీరు మోటారు వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు. "ఎవరా అమ్మాయి? లిస్టులో లేదే?"

"స్లో లెర్నర్ సార్. రికార్డులో ఉంది," అన్నాడు కూర్మారావు.

ఇంజనీరు నమ్మలేనట్టు లీలారాణి వైపు తిరిగాడు. "మీ సబ్జెక్టేగా మేడమ్? ఈ అమ్మాయి స్లో లెర్నరా?"

ఎర్రన్న తలొంచుకున్నాడు. ఉష మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని ధైర్యంగా చూస్తోంది. మేడమ్ ఏం చెబుతుందో దానికి తెలుసు.

"రికార్డు ప్రకారం... అవును సార్," అంది లీలారాణి.

ఆయన భుజాలెగరేసి కాగితం మీద నాగబాబు పేరు రాసుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఉష లోపలికి వచ్చింది. తిడుతుందనుకుంది లీలారాణి. తిడితే బాగుండుననుకుంది. ఉష తిట్టలేదు.

"నాకు ఏటి రానేదు మేడమ్?" అనడిగింది, నిజంగానే తెలుసుకుందామని. "సెప్పండి. నేర్సుకుంటాను."

లీలారాణి బల్ల మీది వైర్లు ఒక్కొక్కటే చుట్టసాగింది. ఉష కాసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ శనివారం లీలారాణి తొమ్మిదింటికల్లా లాబ్ తెరిపించింది. పదయింది, పదకొండయింది. ఒక్కరూ రాలేదు. ఆ రిజిస్టరులో సంతకం పెడితే ఏమవుతుందో కాలేజీ అంతటికీ తెలిసిపోయింది.

"ఇంకెవరూ రారు మేడమ్. మీరూ ఇంటికెళ్ళిపోండి," అన్నాడు ఎర్రన్న, ఆమె ముఖం చూడకుండా తాళాలు అందుకుంటూ.

సోమవారం కూర్మారావు గారికి సంగతి తెలిసింది. ఆయన కొంచెం ఆలోచించి, "మంచిదేనమ్మా. స్లో లెర్నర్లు ఎవరూ మిగల్లేదని రాసెయ్యండి. వచ్చే ఏడాది రిపోర్టుకి చాలా బాగుంటాది," అన్నాడు.

లీలారాణి రిజిస్టరు తెరిచింది. ఆఖరి పేజీలో అన్నిటికంటే పైన ఉష సంతకం, వంకర లేకుండా. కింద తేదీ వేసి, 'ఇంకా నేర్చుకోవలసిన వారు' అని రాసి, పక్కన సున్నా చుట్టి, తన సంతకం పెట్టింది.