పావురాల వలకు అటువైపు

రసజ్ఞకు ఇంట్లో మనుషుల మీదకన్నా పావురాల వల మీద ఎక్కువ కోపంగా ఉంది. కొత్తగూడ అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు బాల్కనీకి నిలువునా బిగించిన ఆ నైలాన్ వల వెనక ఆమె పెంచిన ఆడ మాత్, రాత్రిళ్లు ఎగిరే సీతాకోకచిలుక లాంటిది, వేలాడుతోంది. అరచేతినంతా కప్పే రెక్కలు, లేత దోసకాయ రంగు, రెక్కకొక కన్నులాంటి చుక్క, వెనక రెండు పొడవాటి తోకలు. గుంపెన చెట్లు పోయి టవర్లు లేచిన ఈ చుట్టుపక్కల అలాంటిది కనబడటమే అరుదు.

బొటానికల్ గార్డెన్ గోడవతల ఎవరో నరికి పడేసిన గుంపెన కొమ్మ మీద పచ్చటి గొంగళిపురుగుగా దొరికింది. రసజ్ఞ రోజూ ఆఫీసు నుంచి వస్తూ లేత ఆకులు తెచ్చి మేపింది. అది వేలంత లావై, ఆ ఆకుల్నే చుట్టుకుని గూడు కట్టింది. అత్తగారు పుణ్యవతి మాత్రం, కోడలు పురుగుల్ని సాకుతోందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది. మొన్న గూడు చీల్చుకుని ఈ అందగత్తె బయటికొచ్చాక కూడా ఆవిడ ధోరణి మారలేదు.

"పంచదార నీళ్లు పెట్టాను, ముట్టలేదు. మొండిఘటం."

"దానికి నోరే ఉండదత్తయ్యా. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. మహా అయితే వారం బతుకుతుంది. ఈలోగా మగది దీని వాసన పట్టుకుని రావాలి, ఇది గుడ్లు పెట్టాలి. రెక్కలొచ్చింది అందుకే."

మగది రానే వచ్చింది. తెల్లారి చూస్తే వలకు అటువైపు అంటిపెట్టుకుని ఉంది. రాత్రంతా కొట్టుకున్నట్టుంది, ఒక తోక తెగిపోయింది. ఎండ పడగానే కింద చెట్లలోకి జారిపోయింది. రసజ్ఞకు ఏడుపొచ్చింది.

"వల కోసేద్దాం జశ్వంత్."

ఆమె భర్త లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు. టెర్రస్ మీద పెట్టు."

"అక్కడ రాత్రంతా ఫ్లడ్‌లైట్లు. మగది ఆ లైటు చుట్టూ తిరిగి తిరిగి చస్తుంది. ఈ ఇంట్లో ఒక్కరికైనా చెప్పింది చెవికెక్కుతుందా? గోడకు చెప్పినా కాస్త నయం."

పుణ్యవతి లేచి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున వలలో చేటంత కంత. ఆడదాని పక్కన, దానికి జతగా, ఒక తోక లేని మగది. రసజ్ఞ భర్తను పట్టుకుని ఊపేసింది. తనకేం తెలియదని అతను ఒట్టేశాడు. ఇంతలో బెల్ మోగింది. అసోసియేషన్ సెక్రటరీ మధుసూదన్.

"ఏందమ్మా, వల గంత పెద్దగ కోసిన్రు? కింది నుంచి కొడుతుంది కంట్ల. పావురాలు జొరబడితే అందరికి పరేషాన్ గాదా?"

"నేనే కోశానండి," అంది పుణ్యవతి. "పెళ్లివారు గుమ్మం దాకా వచ్చి, తలుపు తీసే దిక్కులేక తిరిగి వెళ్తే ఎవరికండీ అప్రతిష్ట?"

మధుసూదన్ బాల్కనీలోకి తొంగి చూశాడు. కోపంగా వచ్చిన సంగతి మరిచి ఫోన్ తీసి ఫొటో కొట్టుకున్నాడు. "జర జల్ది కట్టియ్యుండ్రి," అని వెళ్లాడు.

"నాకు చెప్పొచ్చు కదత్తయ్యా," అంది రసజ్ఞ. విసుక్కుందామనుకుంది గానీ మాట మెత్తగానే వచ్చింది.

"చెబితే నువ్వూ నిద్రపోవు. పొద్దున్నే ఆఫీసు నీకు."

మునిమాపు వేళ రెండూ విడిపోయాయి. గుడ్లతో బరువెక్కిన ఆడది కాసేపు కంత అంచున కూర్చుని, రెక్కలు వణికించి, గార్డెన్ వైపు ఎగిరింది. బాల్కనీ బోసిపోయింది. నెలపాటు ఇంట్లోవాళ్ల మీద తను పడ్డ చిరాకంతా దాని మీద ప్రేమేనని రసజ్ఞకు అప్పుడు తెలిసింది.

మర్నాడు వల కుట్టడానికి మనిషి వచ్చాడు. పుణ్యవతి స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఈ మూల కుట్టెయ్యకు నాయనా. జారుముడి వెయ్యి, విప్పుకునేలా ఉండాలి."

"ఎందుకమ్మా? పావురాలొస్తయి."

"మా కోడలి వైపు వాళ్లు వస్తారు."