గంప సరుకూ, అమ్మ లిఫ్టూ

గంపకి ఆ పేరు చిన్నప్పుడే పడింది. సీసా మూత, తెగిన గొలుసు, బొత్తాం ఊడిన చొక్కా, ఏది కనిపించినా "పనికొస్తుంది" అని ఇంటికి మోసుకొచ్చే పిల్లని ఇంట్లోవాళ్లు ఇంకేమని పిలుస్తారు? ముప్పై రెండేళ్లొచ్చాయి, ప్రోగ్రామరైంది, ఉద్యోగం మానేసి చెల్లెలితో కలిసి సొంతంగా వీడియో గేమ్ చేస్తోంది. బుద్ధి మాత్రం మారలేదు. అప్పుడు దారిలో ఏరుకొచ్చేది, ఇప్పుడు నెట్‌లో ఏరుకొస్తోంది.

గేమ్‌లు చేసేవాళ్ల కోసం నెట్‌లో పెద్ద బజారే ఉంది. చెట్లు, మేడలు, అడుగుల చప్పుళ్లు, తలుపులు తెరిచే ప్రోగ్రాములు, అన్నీ ఎవరో చేసిపెట్టినవే. తెచ్చి మన గేమ్‌కి తగిలించుకోవడమే తరువాయి. యాడ్-ఆన్‌లంటారు వాటిని. గంప దగ్గర నలభై మూడు పోగయ్యాయి. ఆ బరువుకి, పొద్దున్నే కంప్యూటర్‌లో గేమ్ ఫైలు తెరిస్తే అది తెరుచుకునేలోపు అక్కాచెల్లెళ్లు టీ కాచుకుని, తాగి, కప్పులు కడిగేసేవారు.

ఇంతకీ ఆ గేమ్ ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్ట్ నడిపే ఒకావిడ గురించి. ఆవిడెవరో కాదు, వీళ్లమ్మే. పాతకాలపు లిఫ్టులో ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఇత్తడి హ్యాండిల్ తిప్పుతూ ఇరవై ఆరేళ్లు జనాన్ని పైకీ కిందికీ చేరవేసింది. కిందటేడు ఆవిడా, ఆ లిఫ్టూ ఒకే రోజు రిటైరయ్యారు.

"అక్కా, మన కథంతా లిఫ్టులోనే కదా. ఈ వాన ప్యాక్ ఎందుకు?" అంది బొమ్మలు వేసే చిన్నది.

"ఊరికే ఇచ్చారే. రేపట్నుంచి ఇవ్వరట."

"మరి గుర్రాలు?"

"అవి వానతో కలిపి వచ్చాయి."

చిన్నది నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వచ్చే శుక్రవారం ఒక గేమ్ కంపెనీవాళ్లు కొత్తవాళ్ల డెమోలు ఆడి చూసి, ఒక్క జట్టుని ఎంచుకుంటారు. ఆ జట్టుకి ఏడాదిపాటు జీతం, కూర్చుని పనిచేసుకోడానికి గది. అది రాకపోతే సోమవారం చిన్నది గ్రీటింగ్ కార్డుల ప్రెస్సులో తన పాత కుర్చీకి తిరిగి వెళ్లిపోవాలి. సెలవు అయిపోయింది, మాటిచ్చేసింది. చిన్నది లేకుండా ఆ బల్ల ముందు ఒక్కతే కూర్చోవడం తలుచుకుంటేనే గంపకి ఏడుపొచ్చేది. ఆ భయంతోనే ఇంకో రెండు యాడ్-ఆన్‌లు దించుకుంది.

అందులో ఒకటి మాత్రం నిజంగా బంగారం. అది ఏకంగా లిఫ్టే! ఏ అంతస్తు నొక్కితే ఆ అంతస్తుకి నీళ్లు జారినట్టు వెళ్లి, గడపకి సరిగ్గా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగుతుంది. మూడు వారాల పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. గంప కాళ్లు నేల మీద ఆనలేదు.

శనివారం పొద్దున అమ్మని కూర్చోబెట్టి ఆడమన్నారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుంది, మౌస్‌ని గుప్పిట పట్టుకుంది. నాలుగో అంతస్తు దగ్గరపడుతుంటే ఆవిడ మణికట్టు దానంతటదే మెలితిరిగింది. ఈలోపే లిఫ్ట్ ఆగింది, తలుపు తెరుచుకుంది, జనం దిగిపోయారు. మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఆగింది. మూడోసారికి మౌస్ వదిలేసింది.

"బాగుందే. మరి నేనెందుకు ఇందులో?"

"అదేంటమ్మా, లిఫ్ట్ నడిపేది నువ్వే!"

"ఎక్కడ నడిపాను? అదే వెళ్లింది, అదే ఆగింది. నేను ఉట్టి చుట్టంలా కూర్చున్నాను. మా లిఫ్ట్ దానంతటది ఏనాడైనా గడప దగ్గర ఆగిందా? ఒక్కళ్లుంటే ఒకచోట హ్యాండిల్ వదలాలి, తొమ్మిదిమందితో కిందికి దిగుతుంటే జానెడు ముందే వదలాలి. మా పెద్ద మేనేజరెక్కితే ఆయన్నొక్కణ్ణే ఇద్దరి కింద లెక్కేసేదాన్ని."

"సరిగ్గా ఆగిందని ఎలా తెలిసేదమ్మా?" అంది చిన్నది.

"దిగేవాళ్లు కాళ్లవైపు చూసుకోకపోతే సరిగ్గా ఆగినట్టు. చూసుకున్నారంటే నా పని చెడినట్టు."

గంప మూతి ముడుచుకుంది. ఇంత మంచి వస్తువు తెస్తే మెచ్చుకోవాల్సింది పోయి! సాయంత్రం తనే ఆడి చూసింది. పది నిమిషాలకి ఆవలింత వచ్చింది. అమ్మ ఇరవై ఆరేళ్లు ఏ పని చేసిందో సరిగ్గా ఆ పనినే తను బజార్నుంచి కొనుక్కొచ్చి తగిలించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, యాడ్-ఆన్‌ల జాబితా ముందు పెట్టుకున్నారు. తెర మీది అక్షరాలూ, తలుపుల కిర్రులూ, ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామూ ఉండనిచ్చారు. వాటిని ఎవరు చేసినా ఒకటే. వాన పోయింది. గుర్రాల దగ్గర గంప చెయ్యి ఆడలేదు, చిన్నదే చెరిపేసింది. చివరికి బంగారంలాంటి లిఫ్ట్ కూడా వెళ్లిపోయింది. గేమ్ క్షణంలో తెరుచుకునేసరికి టీ పెట్టడానికి లేచిన చిన్నది మళ్లీ వచ్చి కూర్చుంది.

తర్వాత నాలుగు రోజులూ గంప రాయడం, అమ్మ ఆడడం. "ఇంకాస్త బరువు." "అబ్బే, ఇప్పుడు గుండు పడ్డట్టు పడుతోంది." "ఆ, ఆ, ఇదీ మా లిఫ్ట్!" అనేసరికి గురువారం సాయంత్రమైంది. గంపకి తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం ఆ కంపెనీ నుంచి వచ్చిన పెద్దాయన ఆడడానికి కూర్చున్నాడు. ఒక్కో జట్టుకి పది నిమిషాలు. మొదటిసారి లిఫ్ట్‌ని గడపకి జానెడు కింద ఆపాడు. అందులోని ముసలి గుమాస్తా కాళ్లవైపు చూసుకుని, నిట్టూర్చి, గడప ఎక్కి బయటికెళ్లాడు. రెండోసారి బెత్తెడు పైన. మూడోసారి మళ్లీ కిందే.

"దీనికి యాడ్-ఆన్ ఉందే, దానంతటదే ఆపుతుంది. తెలీదా మీకు?" అన్నాడు విసుగ్గా.

గంప నిజమే చెప్పింది. "తెలుసండి. పెట్టాం. తీసేశాం."

పది నిమిషాలూ అయిపోయినట్టు గంట మోగింది. పెద్దాయన లేవలేదు. పక్క జట్టువాళ్లు దగ్గారు, అయినా లేవలేదు. వెనక నిలబడ్డ అమ్మ ఇక ఉండబట్టలేక, "బాబూ, ఇప్పుడు తొమ్మిదిమందున్నారు. ఇంకాస్త ముందు వదలండి," అంది.

ఆయన వదిలాడు. లిఫ్ట్ ఆగింది. ముసలి గుమాస్తా చేతిలో కాగితాలు చదువుకుంటూ, కిందికి చూడకుండా దిగి వెళ్లిపోయాడు.

"చూసుకోలేదు! వాడు కాళ్లు చూసుకోలేదు!" అని పెద్దాయన కుర్చీలోంచి లేచి అరిచాడు.

"చూసుకోరు బాబూ," అంది అమ్మ. ఇరవై ఆరేళ్లలో ఆ సంగతి గమనించినవాడు ఆయనొక్కడే.

సాయంత్రం చిన్నది ప్రెస్సుకి ఫోన్ చేసి, సోమవారం రావడం లేదని చెప్పింది. అవతల ఓనరు ఏదో అడిగాడు. చిన్నది అక్కవైపు చూసి, అమ్మవైపు చూసి, గొంతు సవరించుకుంది.

"అవునండి, వేరే ఉద్యోగం దొరికింది. లిఫ్ట్ ఆపరేటర్‌గా."