గవర్నమెంటు తలుపు

మధ్యాహ్నపు ఎండలో రైలు పట్టాలు నీళ్లలా మెదులుతుంటే కృపమణికి లోకమంతా నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. ఆమె హోంగార్డు. స్టేషన్ గుమ్మంలో మెటల్ డిటెక్టర్ గేటు పక్కన కూర్చోవడం ఆమె పని. ఆ గేటు మోగి ఎనిమిది నెలలైంది. పచ్చలైటు మాత్రం దర్జాగా వెలుగుతుంది! మొదట్లో రెండుసార్లు చెప్పింది. "పైకి రాసినాం లేమ్మా" అన్నారు. తర్వాత రోజూ రిజిస్టర్లో 'పనిచేస్తోంది' అని రాసి సంతకం పెట్టడం అలవాటైపోయింది.

ఇవాళ పెద్దాఫీసరు తనిఖీ. ఉగ్రవాదులొస్తే ఎలా పట్టుకుంటారో చూపించాలట. ఎస్సై వీరభద్ర పొద్దున్నే ఆమె బల్ల కింద ఒక కాలింగ్ బెల్ బిగించాడు.

"ఉగ్రవాది ఏషంలో మనోడు ఎర్ర సంచితో గేటు దాటుతానే నొక్కు, గేటే మోగినట్లుంటాది. నోరు మెదిపినావంటే రేపట్నుంచి ఇంటికాడే ఉంటావు, చూసుకో."

కోసిగి వైపు నుంచి సుగ్గికి పోయేవాళ్లు గుంపుగా వచ్చారు. వానల్లేక గుంటూరు మిరప చేలకు వలసపోయే జనం. గిన్నెలు, కొడవళ్లు, సంసారమంతా మూటల్లోనే. ఆ ఇనుమంతా గేటు కింద నుంచి చప్పుడు లేకుండా, కలలో లాగా సాగిపోయింది.

సిద్దమ్మ అనే ముసలామె మాత్రం మనవరాలిని వెనక్కి లాగి మళ్లీ గేటు కింద దూరమంది. తర్వాత ఇంకోసారి.

"ఏందవ్వా, ఎన్నిసార్లు?"

"మూడుసార్లు తల్లీ, దిష్టి తీసినట్ల. రైళ్లల్లో బాంబులు పెడతాండారంట గదా. గవర్నమెంటు తలుపు కింద దూరితే మాకేం గాదు. ఈడ నువ్వుండావు, శానా ధైర్యం."

కృపమణికి నవ్వొచ్చింది. ఆ వెంటనే పచ్చలైటు వైపు చూసింది. మూడోసారి దూరుతూ ఆ పిల్ల కళ్లు మూసుకుంది.

పెద్దాఫీసరు వచ్చాడు. ఎర్ర సంచి గేటు దాటింది. వీరభద్ర కళ్లతో సైగ చేశాడు. బెల్లు మీద కృపమణి వేలుంది, ఇద్దరు బిడ్డల అన్నం ఆ వేలి కిందే ఉంది. ఆమె భయపడింది. భయపడుతూనే వేలు తీసేసింది.

"ఏమ్మా, మోగలేదే?" అన్నాడు ఆఫీసరు.

"ఎనిమిది నెలల్నుంచి మోగల్యా సార్. పనిచేస్తాందని రాసింది నేనే."

వీరభద్ర మొహం మాడిపోయింది. పక్కనే నిలబడి చూస్తున్న సిద్దమ్మ మూట దించి, మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"మరి ఇన్ని దినాలూ మమ్మల్ని కాపాడతా ఉండిందెవరు తల్లీ?"

కృపమణి జవాబు కోసం పెద్దాఫీసరు వైపు చూసింది. ఆయన వీరభద్ర వైపు చూశాడు.