ఉల్మెకెన్‌కి పోసిన టీ

పాలు ముందా టీ ముందా, ఇన్నేళ్ళయినా చేయి తడబడుతుంది, పాలే ముందు, లేకపోతే అత్త ఉల్మెకెన్ అందరిలో అనేస్తుంది, అల్మాటీ అంతటికీ క్యాన్సర్ పాఠాలు చెప్తావు, టీ కలపడం రాదేమే అని, ఆడపడుచు జిబెక్ కిసుక్కుమంటుంది, నా మొగుడు దౌరేన్ రొట్టె తుంచుకుంటూ విననట్టుంటాడు, అతనికి అదొక్కటే బాగా వచ్చు, నిన్న మాత్రం ల్యాబ్‌కి పరిగెత్తుకొచ్చాడు, అమ్మ కడుపులోంచి తీసిన ముక్క నువ్వే చూడు అక్మరల్, అమ్మకి పుండనే చెప్పాం, నోరు జారావో నీ సంగతి చూస్తా అని, చూశాను, మైక్రోస్కోపు కింద కణాలన్నీ ముదురు గోధుమరంగు, ఆ రంగు పట్టిందంటే నేను ఏళ్ళ తరబడి వెంటపడుతున్న ప్రోటీనే, ఎదుగు అని కణం రాసుకునే చీటీ ఆర్‌ఎన్‌ఏ, పని కాగానే చిరిగిపోవాలి, ఈ ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని చిరగనివ్వదు, కణం ఆ ఒక్క ఆజ్ఞే వింటూ పెరుగుతూ పోతుంది, పుండు కాదు, క్యాన్సరే, కాలేయం దాకా పాకేసిందని స్కాన్‌లోనూ ఉంది, గొడ్రాలు అని ఈవిడ నన్నన్న మాట కూడా అంతే, నాలో చావనే చావదు.

ఏమే, నిద్రపోతున్నావా, టీ పొయ్యి, అంటూ అత్త గిన్నె చాచింది, మణికట్టు ఎంత సన్నబడిపోయిందో, ఉత్త పుండేగా అమ్మా, ఎండలొచ్చేసరికి గుర్రమెక్కుతావు అంటోంది జిబెక్, అబద్ధాలకోరు, వచ్చిన మనిషి ఇంకాసేపు ఉండాలనుకుంటే సగం గిన్నే పోస్తాం మా వైపు, మళ్ళీ మళ్ళీ అడగాలని, నిండా పోస్తే తాగి లేచి వెళ్ళమని, పోస్తున్నాను, సగం దాటింది, ఆపొచ్చు, ఆపలేదు, అంచుదాకా పోశాను, నీకేమైనా పిచ్చా అంటూ దౌరేన్ లేచాడు, అత్త గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, అరుస్తుందనుకున్నాను, కూర్చోరా అంది కొడుకుతో, కాలిపోతున్న టీ చుక్క మిగల్చకుండా తాగేసింది.

ఖాళీ గిన్నె మళ్ళీ నా వైపు తోసింది, ఇంకొంచెం పొయ్యమ్మా, సగమే, అంది, ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి నన్ను అమ్మా అంది, జాలి పుట్టాలి, పుట్టడం లేదు, హాయిగా ఉంది, కెటిల్ నా చేతిలోనే ఉంది, టీ ఉంది, పోయడం లేదు, ఆ ప్రోటీన్ పట్టు విడిపించే మందు కోసం ఎన్ని ఎలుకల్ని చంపానో, అలాంటిదాన్ని, ఈ ఒక్క ఒంట్లో మాత్రం దాని పట్టు సడలకూడదని కోరుకుంటున్నాను.