చెవి వెనక అంచు

ఉదయం ఎనిమిదిన్నర. ఎండా లేదు, వానా లేదు, గాలి మాత్రం వీధిలో దుమ్ము లేపుతోంది. ఫిల్మ్ వేసేవాళ్ళకి అంతకన్నా చెడ్డ రోజు ఉండదు. షాపు షట్టరు సగమే ఎత్తి, నేల మీద నీళ్ళు చల్లి, దుమ్ము అణిగాక ఆమె లైట్లు వేసింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ షాపులోనే ఆమె పని. కొత్త కారు మీద కంపెనీ వేసిన రంగు చెడకుండా, కంటికి కనబడని ఫిల్మ్ అతికించాలి. సబ్బునీళ్ళు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పలకతో బుడగలన్నీ బయటికి నెట్టాలి. అంచులు బ్లేడుతో కోసి, వేడిగాలి పట్టి, లోపలికి మడిచి దాచాలి. ఆ తరవాత రాయి తగిలినా గీత ఫిల్మ్ మీదే పడుతుంది. కాసిని వేడినీళ్ళు పోస్తే ఆ గీత కూడా మూసుకుపోతుంది.

"రంగు ఎన్నిసార్లైనా వేయించుకోవచ్చండీ. మొదటి రంగు మాత్రం మళ్ళీ రాదు" అని షాపు యజమాని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. రంగు మందం కొలిచే మీటరు ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. అందుకని ఆయన అందరికీ మీటరుగారే. ఇంట్లో పెళ్ళాం చెంప మీద కూడా పెట్టి చూసుకుంటాడని వెనకాల నవ్వుకుంటారు.

ఆమె కూతురికి ఇరవై మూడేళ్ళు. అదే షాపులో బ్లేడు పని. లైట్ల కింద నిలబడితే ఆ పిల్ల చేతులూ మెడా కొత్త కారు బానెట్‌లా మెరుస్తాయి. ఆరేళ్ళప్పుడు తల్లి వేసిన ఫిల్మ్ అది.

చిన్నప్పుడు ఆ పిల్ల మాట పడేది కాదు. ఒకసారి బడిలో ఎవరిదో రబ్బరు దీని సంచిలో దొరికిందని టీచరు అందరి ముందూ నిలబెట్టింది. ఇంటికొచ్చి, చెంపలు కందిపోయి, గోడకేసి తిరిగి కూర్చుంది. "పోనీలే, ఇచ్చేశావుగా" అంది తల్లి. పిల్ల ఇటు తిరగలేదు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడోరోజు తల్లి షాపులో మిగిలిన ముక్కలన్నీ తెచ్చి, పిల్లని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి, నుదుటి నుంచి మడమల దాకా ఫిల్మ్ వేసేసింది. మోచేతుల దగ్గరా చెవుల దగ్గరా కాస్త ఇబ్బంది పెట్టింది. చివరి అంచు ఎడమ చెవి వెనక దాచింది.

పిల్లతోపాటే అదీ సాగింది. సూది వేయాల్సి వస్తే నర్సు చెవి వెనక్కి వంచి అంచు వెతుక్కునేది. "మూరెడు మిగిలితే మావాడికీ వెయ్యి వదినా" అని పక్కింటావిడ అడిగింది గానీ మిగల్లేదు.

వానలో తడిస్తే నీళ్ళు పూసలుకట్టి జారిపోయేవి. మాటలూ అంతే. ఎవరేమన్నా చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి వచ్చి, ఈల వేసుకుంటూ కాళ్ళు కడుక్కునేది. క్షమించమని తల్లే వెళ్ళి చెప్పొచ్చేది. టీచర్లకి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది. కూతురు ఫోన్లో ఒక్క మాటతో పెళ్ళి వద్దనేసిన కుర్రాడి తల్లికీ, ఎదురుగా కూర్చుని, కాలివేళ్ళు చూసుకుంటూ చెప్పింది. పదిహేడేళ్ళుగా ఇద్దరి సిగ్గూ తనొక్కతే పడుతోంది. అలవాటైపోయింది.

పది గంటలకి హెడ్మిస్ట్రెస్‌గారు కారు తీసుకెళ్ళడానికి వచ్చారు. రిటైరై రెండేళ్ళయింది. జీవితంలో మొదటి కారు, ముదురు నీలం. కళ్ళజోడు సర్దుకుని, హోంవర్కు దిద్దినట్టు బానెట్ మీదికి వంగారు.

"ఈ గీత ఏమిటి నాయనా?"

మీటరుగారు పరుగున వచ్చాడు. గీత ఫిల్మ్ మీద లేదు, కిందుంది, రంగులో. మీటరు పెట్టి చూసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఫిల్మ్ కిందుందంటే వేయకముందే పడింది. కడిగేటప్పుడు."

కార్లు కడిగేది నురగ బాబాయ్. మోచేతుల దాకా ఎప్పుడూ సబ్బునురగే గనక ఆ పేరు. అరవైకి దగ్గరపడ్డాడు. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"గుడ్డలో ఇసకుండి ఉంటుంది" అంది కూతురు, మామూలుగా, టైమెంతయిందో చెప్పినట్టు. "ఈ గాలికి ఎగిరి పడుతోందిగా."

"నేను గుడ్డ అయిదుసార్లు జాడిస్తానమ్మా" అన్నాడు నురగ బాబాయ్.

తల్లి గీత చూసింది. ఇసక గీత వెంట్రుకలా వంకర్లు పోతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. మొదట్లో ఎడమకి చిన్న కొక్కెం. బ్లేడు దించేటప్పుడు ముందు కాస్త ఎడమకి ఆనించి, తరవాత లాగాలి. ఆ ఊరిలో అలా బ్లేడు దించేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె. రెండోవాళ్ళకి నేర్పింది ఆమే.

నిన్న చెత్తబుట్టలో ఉండచుట్టిన ఫిల్మ్ ముక్క చూసింది. ఇప్పుడు అర్థమైంది. మొదటి ముక్క వంకరగా పడితే, కూతురు దాన్ని కారు మీదే కోసి తీసేసింది. బ్లేడు ఫిల్మ్‌తో ఆగలేదు. ఆ పైన కొత్త ముక్క పరిచేసింది. ఏ గీతా పడకుండా కాపాడాల్సిన ఫిల్మ్, గీతని దాచి కూర్చుంది.

చెప్పాలి. చేతిలోని రబ్బరు పలక తుడుస్తూ ఉండిపోయింది.

హెడ్మిస్ట్రెస్‌గారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ ఒక్క వస్తువైనా కొత్తగా ఉంచుకుందామనుకున్నాను" అని మాత్రం అన్నారు. మీటరుగారు తల వంచుకున్నాడు. తరవాత నురగ బాబాయ్ వైపు చూడకుండా, "రేపట్నుంచి రాకు బాబాయ్" అన్నాడు.

బాబాయ్ గుడ్డ నాలుగు మడతలు పెట్టి బకెట్ అంచున ఆరేశాడు. చేతులు కడుక్కున్నాడు. నురగ లేకపోతే ఆ చేతులు ఎంత సన్నవో అప్పుడే చూశారందరూ.

పన్నెండింటికి, కుళాయి దగ్గర, తల్లి అడిగింది.

"ఆ కోత నీదేగా?"

"ఆ, నాదే."

"మరి ఆయన పేరు చెప్పావేం?"

"ఎవరో ఒకరిది చెప్పాలిగా. ఊళ్ళో కార్లకేం కరువమ్మా, ఇంకోచోట కడుక్కుంటాడు." అంటూ టిఫిన్ డబ్బా మూత తీసింది. "నీకు ఆకలెయ్యట్లేదా?"

ఆ పిల్లలో కోపమూ లేదు, భయమూ లేదు. పచ్చి నిజం చెప్పి హాయిగా తింటోంది. తల్లికే ముఖం మండిపోయింది, చెవులదాకా. మీటరుగారికి ఒంట్లో బాగోలేదని చెప్పి బయటపడింది.

నురగ బాబాయ్ ఇల్లు మూడో అంతస్తులో ఒక గది. ఆమె వెళ్ళేసరికి ఆయన మెట్లు కడుగుతున్నాడు. ఎవరూ అడగలేదు. ఖాళీగా కూర్చోలేక.

"బాబాయ్‌గారూ, తప్పు మాదే. అది మా పిల్ల బ్లేడు కోత. నన్ను తిట్టండి."

"నిన్నెందుకు తిట్టాలమ్మాయ్? నువ్వు కోశావా?"

"నేనే కోశానని మీటరుగారికి చెప్పేస్తాను."

"నువ్వు నిన్న తెల్లకారు తలుపుల దగ్గరున్నావు. బోర్డు మీద రాసుంది. ఆయన నమ్మడు." చీపురు గోడకి ఆనించాడు. "అద్దం పగిలితే నువ్వే వస్తావు, పెళ్ళి చెడితే నువ్వే వస్తావు, ఇప్పుడూ నువ్వే వచ్చావు. నీకిదో ఉద్యోగమైపోయింది."

"దీనికి పింఛను కూడా ఇస్తారేమో అడగండి" అంది లోపల్నుంచి ఆయన భార్య.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద నీళ్ళున్నాయి. చీర తడిసింది. లేవలేదు.

"ముప్పై ఏళ్ళలో ఒక్క కారుకి గీత పెట్టినవాణ్ణి కాను" అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అది నువ్వు తెచ్చిస్తే నేను పుచ్చుకోను. ఆ పిల్ల నోటితో రావాలి." చీపురు మళ్ళీ అందుకుని అడిగాడు. "దాని ఫిల్మ్ ఎన్నేళ్ళది?"

"పదిహేడు."

"కారుకైతే పదేళ్ళు దాటి ఉంచనివ్వవు నువ్వు."

ఇంటి దారిపొడుగునా ఆమె ఆ మాట గురించే ఆలోచించింది. పాత ఫిల్మ్ తీయడం వేయడం కన్నా కష్టం. తొందరపడి లాగితే కింద రంగు కూడా ఊడొచ్చేస్తుంది. ఒకసారి అలా లాగి, కింద ఉత్తి ఇనుము చూసింది. ఇన్నేళ్ళూ ఆమె అంచు జోలికి వెళ్ళకపోవడానికి అసలు కారణం అదే. ఈ పిల్లకి కింద ఏమీ లేకపోతే?

నాలుగింటికి కూతురు ఇంటికొచ్చి, చాప మీద పడుకుని ఫోన్ చూసుకుంటోంది. తల్లి పొయ్యి మీద నీళ్ళు కాచింది. తువ్వాళ్ళు ముంచి, పిండి తెచ్చింది.

"ఫిల్మ్ తీసేస్తాను."

"తీసెయ్. నాకేం."

అంతే. దేనికైనా అంతే కదా.

దుప్పటి కప్పి పడుకోబెట్టి, ఎడమ చెవి వెనక వేడి తువ్వాలు అద్దింది. గోటితో అంచు వెతికింది. పసుపుపచ్చగా మారిపోయి ఉంది. పైకి ఎత్తకుండా, చర్మానికి ఆనించినట్టే, వెనక్కి మడుస్తూ లాగింది. మొదటి బెత్తెడు రావడానికే పది నిమిషాలు పట్టింది, తరవాత కాస్త సులువైంది. మెడ. భుజం. వేళ్ళ మధ్య. అరికాళ్ళు. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ బెత్తెడు. కూతురు ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఫ్యాను ఆపమ్మా. గాలి తగులుతోంది."

పదిహేడేళ్ళలో ఆ పిల్ల అలా అనడం అదే మొదలు. తల్లి లేచి ఫ్యాను ఆపింది.

ముఖం చివరికి ఉంచింది. నుదురు వచ్చింది. ముక్కు వచ్చింది. చెంప దగ్గర ఆగి, తువ్వాలు ఇంకోసారి ముంచి అద్ది, మళ్ళీ లాగింది.

కింద ఎరుపుంది.

టీచరు నిలబెట్టిన రోజు ఎరుపు. ఆరేళ్ళ పిల్లది. ఒక్క చుక్క వెలవకుండా, ఆ సాయంత్రం గోడకేసి తిరిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రెండో చెంప కిందా అంతే. గాలి తగలగానే అది ముఖమంతా పాకింది, మెడదాకా దిగింది.

కూతురు రెండు చేతులతో ముఖం మూసుకుంది.

"ఆ రబ్బరు నేను తీయలేదమ్మా."

తల్లి చేతిలో ఫిల్మ్ వేలాడుతోంది.

"పక్కమ్మాయి పెట్టింది నా సంచిలో. నువ్వు అడుగుతావనుకున్నాను. ఇచ్చేశావుగా అన్నావు."

ఆ మాట తనే అంది. గుర్తుంది. పిల్ల ఏడుపు ఆపాలనుకుంది, ఎందుకేడుస్తోందో అడగలేదు. ఊరందరికీ వెళ్ళి తప్పయిందని చెప్పిన మనిషి, నా పిల్ల తప్పు చేయలేదని ఒక్కరికైనా చెప్పలేదు. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఇద్దరి సిగ్గూ మోస్తున్నానని లోలోపల కాస్త గర్వపడింది కూడా. సొంత సిగ్గు ఇప్పుడు తెలిసింది.

"అడగాల్సింది" అంది. "తప్పు నాది."

కూతురి వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారుతున్నాయి. పూసలు కట్టలేదు, చెంపకి అంటుకుని, తడిపి, దిగుతున్నాయి. తరవాత లేచి, చున్నీ వెతుక్కుంది.

"నురగ బాబాయ్‌గారిల్లు ఏ వీధి?"

"గోదాము వెనక. మూడో అంతస్తు. పద, నేనూ వస్తాను."

"వద్దమ్మా. నువ్వొస్తే నువ్వే మాట్లాడేస్తావు."

తలుపు తీయగానే గాలికి కళ్ళు మూసుకుంది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది, కొత్తగా నడక వచ్చినదానిలా. తల్లి కిటికీ దగ్గర నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా చూసింది. వెంట వెళ్ళకుండా ఉండడానికి ఊచ గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది.

ఆరింటికి భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. చాప మీద ఉండచుట్టి ఉన్న ఫిల్మ్ చూశాడు.

"తీసేశావా?"

"తీసేశాను."

"కింద బాగానే ఉందా?"

"ఉంది" అంది ఆమె. ఇంకో మాట మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది.

ఏడింటికి ఫోన్ మోగింది. నురగ బాబాయ్.

"మీటరుగారు రేపు రమ్మన్నారమ్మాయ్. ఇప్పుడే ఇల్లు చేరాను. మీ పిల్ల నాతో చెప్పి ఊరుకోలేదు, నన్ను వెంటపెట్టుకుని షాపుకి తీసుకెళ్ళింది. అందరి ముందూ చెప్పింది. మధ్యలో రెండుసార్లు మాట తడబడింది పాపం, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది."

"దాన్నేమన్నారు?"

"బ్లేడు తీసేసుకున్నారు. వేరే పని ఉంటే కబురు చేస్తామన్నారు. ఉండదనుకో. నేను పుచ్చుకున్నానమ్మా. అది చెప్పడానికే చేశాను. హెడ్మిస్ట్రెస్‌గారింటికి ఒక్కతే వెళ్ళింది, ఎంత చెప్పినా వినకుండా."

ఏడూ నలభైకి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆగుతూ ఆగుతూ వస్తున్నాయి. తల్లి తలుపు తీసింది. దారిలో ఎక్కడో పడ్డట్టుంది, మోకాలి దగ్గర బట్ట చిరిగి, రక్తం గడ్డకట్టి ఉంది. జుట్టునిండా దుమ్ము. కళ్ళు వాచిపోయాయి.

"ఆవిడ తిట్టారా?"

"తిడితే బాగుండేది. కూర్చోమన్నారు. మంచినీళ్ళిచ్చారు." చిరిగిన బట్ట పక్కకి తీసింది. "మోకాలు మండుతోందమ్మా."

"మండుతుంది. రా."

ఫిల్మ్ ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు ఈ పిల్ల కోసం ఎదురుచూసే పని ఉండేది కాదు. దానికేమవుతుందిలే అనుకునేది. ఇప్పుడు తలుపు పట్టుకుని, పెదాలు కదపకుండా, ఇల్లు చేరినవాళ్ళని లెక్కపెట్టుకుంది. భర్త లోపల చొక్కా మార్చుకుంటున్నాడు, ఒకరు. నురగ బాబాయ్ తన గదికి చేరాడు, ఇద్దరు. గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, ముఖం చూపించలేక తల వంచుకుని, చెప్పు విప్పుకుంటోంది, ముగ్గురు.