పరీక్షకు పోగా మిగిలిన పొడి

పసిపిల్లల ఉగ్గు పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళుగా నాది ఒకటే పని: ప్రతి విడతలో ఒక ప్యాకెట్ విప్పి, రెండు చెంచాల పొడి తీసి, గాజు ప్లేటులో వేసి ఉంచి, క్రిములు మొలుస్తాయో లేదో చూడటం. ఫలితం తేలడానికి ఐదు రోజులు పడుతుంది. మిగిలిన పొడి పారెయ్యాలని రూలు. నాకేమో మనసొప్పదు. ప్యాకెట్ మూతికి టేపు వేసి, ఆదివారం చెల్లెలింటికి పట్టుకెళ్తాను. దాని కూతురికి ఎనిమిది నెలలు. ఫలితం రాకముందే ఇవ్వడం తప్పని తెలియక కాదు. తొమ్మిదేళ్ళలో ఒక్క ప్లేటులోనూ ఏదీ మొలవలేదన్న ధీమా.

నిజం చెప్పాలంటే ఆ ప్యాకెట్ నాకో సాకు. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని. వారమంతా నాతో మాట్లాడేది ల్యాబులో ఫ్రిజ్ ఒక్కటే, అదీ గురక పెట్టడమే. ఊరికే వెళ్తే ఏమనుకుంటారోనని నా భయం.

మొన్న మంగళవారం ఉదయం ప్లేటు వెలుతురుకు ఎత్తి చూశాను. నాలుగు నల్లటి చుక్కలు. ఆదివారం చెల్లికిచ్చిన ప్యాకెట్‌దే. సరుకు బయటికి పంపొద్దని మేనేజరుకు చెప్పి, ఫోన్ అందుకున్నాను.

"పాపకి ఆ పొడి పెట్టావా?"

"రెండ్రోజులుగా అదే పెడుతున్నా. రాత్రి నుంచి ఒకటే విరేచనాలు అక్కా. పళ్ళొస్తున్నాయేమో అనుకుంటున్నా."

"పళ్ళు కాదే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. పొడిలో క్రిములున్నాయి. పరీక్ష అవ్వకుండానే తెచ్చిచ్చాను."

చెల్లి ఫోన్ పెట్టేసింది.

పాపకు నాలుగు రోజులు సెలైన్ పెట్టారు. ఆ నాలుగు రోజులూ సాయంత్రం వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. మరిది వచ్చి "ఇప్పుడు పర్లేదు వదినా" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అడిగే మొహం నాకూ లేదు.

పాప కోలుకుని ఇంటికొచ్చాక చూడటానికి వెళ్ళాను. చెల్లి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాప నన్ను చూసి కేరింతలు కొడుతూ మీదికి దూకబోయింది.

"చేతులు కడుక్కో అక్కా," అంది చెల్లి.

కడుక్కుని వచ్చి చేతులు చాచాను.

"ఇంకోసారి," అంది, పాపను దగ్గరికి పొదువుకుంటూ.

మళ్ళీ వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాను. వచ్చేసరికి పాపను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది.